అతుకు కనిపించే శిల్పం: నల్లగొండ వెల్డింగ్ షాపులోంచి డేవిడ్ స్మిత్‌ను చూస్తే

మా మేనమామకు నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద వెల్డింగ్ షాపు ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు, కరిగెట దున్నే కేజ్‌వీల్స్, ఇండ్లకు గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయి పని ఆగింది. అప్పుడు ఆయనకు నా ఫోన్‌లో ఒక ఫొటో చూపించాను. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1952లో చేసిన శిల్పం అది. పేరు అగ్రికోలా 9. పాత వ్యవసాయ యంత్రాల ముక్కలను ఏరి, ఒక అడ్డకడ్డీ మీద నిలబెట్టి అతికించిన పని.

"ఇదేం బొమ్మ" అని మామ అడగలేదు. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ పోయి, కింది కాలు దగ్గర ఆగాడు. "ఇంత బరువు ఈ ఒక్క అతుకు మీద ఎట్ల నిలిచింది రా? లోపల రాడ్ ఇచ్చిండా?" అన్నాడు.

అదే ఫొటోను బాగా చదువుకున్న స్నేహితులకు చూపిస్తే అందరూ ఇంకో ప్రశ్న వేశారు: దీని అర్థం ఏమిటి, ఎవరి బొమ్మ ఇది? జవాబు దొరక్కపోయేసరికి, ఇనప ముక్కలు అతికించి కళ అంటున్నారన్న అనుమానం వచ్చింది. వాళ్లను తప్పుపట్టను. ఈ కళను మనకెవరూ దగ్గర కూచోబెట్టుకుని చెప్పలేదు. కానీ మామ అడిగిందే సరైన ప్రశ్న అని నా నమ్మకం. అబ్‌స్ట్రాక్ట్ లోహశిల్పం, మన పుస్తకాల మాటలో నైరూప్య శిల్పం, ఆర్ట్ కాలేజీలో పుట్టలేదు. వెల్డింగ్ షాపుల్లో పుట్టింది. ఎట్ల నిలబడింది, బరువు ఎటు దిగుతోంది, అతుకు ఎక్కడుంది అని అడుగుతూ చూస్తే ఒక్కొక్క ముడీ విడిపోతుంది. డేవిడ్ స్మిత్ బతుకు తెలుసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది.

కంచు దేవుడికి, ఇనుము కమ్మరికి

ఇరవయ్యో శతాబ్దం దాకా లోహశిల్పం అంటే ఎక్కువగా పోత పోయడమే. మైనంతో బొమ్మ చేస్తారు, మీద మట్టి పూస్తారు, కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. మన పంచలోహ విగ్రహాలు ఇట్లా వచ్చినవే. యూరప్‌లో కంచు విగ్రహాలూ దాదాపు ఇంతే. ఇందులో శిల్పి చెయ్యి ముందు పడేది మైనం మీదనో మట్టి మీదనో. లోహం చివర్లో వచ్చి ఆ ఆకారాన్ని పుచ్చుకుంటుంది, అంతే.

ఇనుము సంగతి వేరు. అది నాగలి కర్రుకు, కొడవలికి, బండి చక్రం పట్టాకు, తలుపు గొళ్లేనికి. ఊర్లో కమ్మరి కొలిమి దగ్గర దానికి పని ఉంది గానీ గుళ్లో లేదు. శిల్పమంటే కంచు, ఇనుమంటే పనిముట్టు.

ఈ గీతను చెరిపినవాడు హూలియో గొంజాలెజ్. 1876లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, లోహపు పనివాళ్ల కుటుంబంలో పుట్టాడు. తర్వాత పారిస్ చేరాడు. 1918లో అక్కడి రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేండ్ల తర్వాత ఆయన స్నేహితుడు పికాసోకు ఇనుముతో శిల్పాలు చెయ్యాలనిపించింది, కానీ వెల్డింగ్ రాదు. 1928 నుంచి కొన్నేండ్లు గొంజాలెజ్ ఆయనకు చెయ్యిచ్చాడు. ఇద్దరూ కలిసి సన్న కడ్డీలతో, రేకులతో చేసిన ఆ శిల్పాల్లో ఇనుము కన్నా గాలే ఎక్కువ. కాగితం మీద పెన్సిల్ గీత పోయినట్టు ఖాళీలో కడ్డీ పోతుంది. ఈ పద్ధతికి గొంజాలెజ్ పెట్టిన పేరుకు అర్థం కూడా అదే, ఖాళీలో గీయడం.

పోత పోసే శిల్పం ఒక ముద్ద. వెల్డింగ్ శిల్పం ఒక కట్టడం. ముద్దలో అతుకు ఉండదు, ఉన్నా దాచేస్తారు. కట్టడంలో ఒక ముక్క ఇంకో ముక్కను ఎక్కడ పట్టుకుందో బయటికి కనబడుతుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే మిగతాదంతా సులువు.

ఫ్యాక్టరీలో నేర్చుకున్న చెయ్యి

డేవిడ్ స్మిత్ 1906 మార్చి 9న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో డెకేటర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రిది టెలిఫోన్ కంపెనీలో పని, ఇంట్లో ఏవో యంత్రాలు తయారుచేస్తూ ఉండేవాడు. తల్లి బడిపంతులమ్మ. తాతముత్తాతల్లో ఒకాయన కమ్మరి అని స్మిత్ గర్వంగా చెప్పుకునేవాడు. 1925 ఎండాకాలంలో స్టూడిబేకర్ కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్, రివెట్లు కొట్టే పనికి కుదిరాడు. డబ్బు కోసం చేరిన పని అది, కళ ఊసే లేదు. చదువు మధ్యలో వదిలి 1926లో న్యూయార్క్ వెళ్లి బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు. అంటే ఆయన మొదట చిత్రకారుడు. ఇది గుర్తుపెట్టుకోవాలి, తర్వాత అక్కరకొస్తుంది.

జాన్ గ్రాహం అనే చిత్రకారుడు ఒక ఫ్రెంచి పత్రికలో పికాసో, గొంజాలెజ్‌ల ఇనప శిల్పాల ఫొటోలు చూపించేదాకా ఆయనకు తన ఫ్యాక్టరీ పనికీ కళకూ లంకె కనబడలేదు. ఒక్కసారి చూశాక ఇక ఆగలేదు. 1933లో ఇనుముతో తలల శిల్పాలు వెల్డింగ్ చేశాడు. అద్దె ఇంట్లో వెల్డింగ్ అంటే నిప్పురవ్వలు, పొగ, ఇంటి ఓనరుతో గొడవ. భార్య డొరొతీ డెనర్‌తో కలిసి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో నది ఒడ్డున తిరుగుతుంటే టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే షెడ్డు కంటపడింది. వెళ్లి కొంచెం జాగా అద్దెకిమ్మని అడిగాడు. ఆ షాపు వాళ్లు ఇచ్చారు. 1934 నుంచి అక్కడ ఓడల మరమ్మతులు, ఫైర్ ఎస్కేప్ మెట్లు చేసేవాళ్ల పక్కనే నిలబడి శిల్పాలు చేశాడు. వాళ్ల దగ్గర పనులు నేర్చుకున్నాడు, ముక్కలు అడిగి తీసుకున్నాడు.

తర్వాత న్యూయార్క్‌కు దూరంగా, కొండల మధ్య బోల్టన్ లాండింగ్ అనే ఊరి దగ్గరున్న తన పొలానికి 1940లో మకాం మార్చాడు. అక్కడ కట్టుకున్న షెడ్డుకు కూడా టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే పేరే పెట్టుకున్నాడు. స్టూడియో అనలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో షెనెక్టడీ ఊళ్లోని రైలింజన్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద వెల్డర్‌గా పనిచేశాడు. సైనిక వాహనాల కవచాలను అతికించాడు, కార్మిక సంఘంలో సభ్యుడయ్యాడు. అంత మందం ఉక్కును, అంత పెద్ద ఎత్తున అతికించడం ఆయన చేతికి అలవాటైంది అక్కడే. యుద్ధం తర్వాత ఆయన శిల్పాలు మనిషి ఎత్తును దాటి పెరగడానికి ఆ షిఫ్టులే పునాది అని నేననుకుంటాను.

1950లో కళాకారులకు పని కోసం డబ్బిచ్చే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది, మరుసటి ఏడు కూడా పొడిగించారు. ఆ డబ్బుతో ఇనుము కొన్నాడు. ఒక రేకు కొని ఒక బొమ్మ చెయ్యడం వేరు, షెడ్డు నిండా సరుకు పెట్టుకుని చెయ్యడం వేరు అని మా మామను అడిగినా చెబుతాడు. 1951లో రెండు గొప్ప పనులు వచ్చాయి, హడ్సన్ రివర్ ల్యాండ్‌స్కేప్, ఆస్ట్రేలియా. మొదటిది రైల్లో పోతూ కిటికీలోంచి చూసిన నది, మంచు, గట్లు, మెట్లు అన్నీ వేసుకున్న స్కెచ్చులను కలిపి ఉక్కు కడ్డీలతో గీసినట్టు చేసింది. చిత్రకారుడి కన్ను, వెల్డర్ చెయ్యి కలిసిన చోటు అదే.

తర్వాత వరుసలు వరుసలుగా చేశాడు. అగ్రికోలా అంటే లాటిన్‌లో రైతు. పాడైన సేద్యపు యంత్రాల భాగాలతో ఆ వరుస. టాంక్‌టోటెమ్ వరుసలో బాయిలర్ల మూతలు, కంపెనీలు అమ్మే డిష్ ఆకారపు రేకులు వాడాడు. 1962లో ఇటలీలో స్పొలెటో ఉత్సవానికి ఒకటి రెండు శిల్పాలు చెయ్యమని పిలిచారు. వోల్ట్రి ఊళ్లో మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీ షెడ్డు, కొందరు పనివాళ్లను ఇచ్చారు. అక్కడ వదిలేసి పోయిన పట్టకార్లు, చక్రాలు, రేకుల చివర్లు చూసి ఆగలేకపోయాడు. 30 రోజుల్లో 27 శిల్పాలు చేశాడు. వాటిలో వోల్ట్రి 7 చక్రాల మీద నిలబడ్డ బండి. బండి మీద మనుషుల్లేరు, నిలువుగా వంకర్లు పోయిన కడ్డీలున్నాయి. జాతరకు పోయే బండిలో నిలబడి ఊగుతున్న మనుషులు గుర్తొచ్చి ఆ ఫొటో ముందు నేను చాలాసేపు కూచున్నాను.

చివరి వరుస క్యూబి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులతో బోలుగా పెట్టెలు, గొట్టాలు చేసి ఒకదాని అంచు మీద ఇంకొకటి నిలబెట్టినవి, మొత్తం 28. ముందు ఖాళీ అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకునేవాడు. ఉపరితలాన్ని అద్దంలా నున్నగా చెయ్యలేదు. గ్రైండర్‌తో సుడులు సుడులుగా గీకి వదిలాడు. ఎండ పడితే ఆ గీతలు మెరుస్తాయి, మబ్బు పడితే బూడిద రంగుకు తిరుగుతాయి, సాయంత్రం ఎర్రబడతాయి. 1965 మే 23న తన ట్రక్కు బోల్తాపడి స్మిత్ చనిపోయాడు. అప్పటికి 59 ఏండ్లు.

ఆయన భార్య గురించి ఒక మాట చెప్పకుండా పోలేను. డొరొతీ డెనర్ కూడా కళాకారిణే. 1950లో ఆయన్ను వదిలి వెళ్లిపోయింది. ఆమె శిల్పాలు చెయ్యడం మొదలుపెట్టింది ఆ తర్వాతనే, 1955లో. ఒక షెడ్డులో ఒక్కరి పనికే జాగా ఉన్న ఆ ఇంటి లెక్క స్మిత్ గొప్పతనం పక్కన రాసి పెట్టుకోవాల్సిందే.

బొమ్మ లేకుండా మాట ఎట్లా వస్తుంది

ఇప్పుడు అసలు చిక్కు. ముఖం లేదు, చేతుల్లేవు, కథ లేదు. మరి ఏం చెబుతున్నట్టు?

నారాయణపేట జిల్లా, అంటే పాత పాలమూరులోనే, కృష్ణ ఒడ్డున ముడుమాల్ ఉంది. అక్కడి నిలువురాళ్లను 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. మూడు వేల ఏండ్లు దాటినవి. మనిషికి రెండింతల ఎత్తు రాళ్లు చాలా ఉన్నాయి. వాటి మీద బొమ్మ చెక్కలేదు. ఎవరి రూపమూ కాదు. అయినా వాటి మధ్యకు పోయిన మనిషి గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఎందుకు? నిటారుగా ఉండటం వల్ల. రాయి పడుకుని ఉంటే బండ, నిలబెడితే ఎవరో ఉన్నట్టు. ఎవరో దాన్ని పనిగట్టుకుని నిలబెట్టారన్న సంగతి మన ఒంటికి తెలుస్తుంది. ఊరి నడుమ బొడ్రాయి కూడా అట్లాంటిదే.

ఇంకా దగ్గరి ఉదాహరణ పీర్లు. నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో మొహర్రం నెల వస్తే కులం మతం చూడకుండా అందరూ పీర్లను ఎత్తుకుంటారు. ఇత్తడివి, వెండివి, ఇనపవి. చెయ్యి ఆకారం, చంద్రవంక ఆకారం, ఆకు ఆకారం. ముఖం ఉండదు. కర్రకు గుచ్చి, దట్టీలు కట్టి, గుండం చుట్టూ తిప్పుతుంటే ఆ లోహపు రేకు ముందు మా అమ్మమ్మ ఏడ్చేది. ఇది ఎవరి బొమ్మ అని ఎవరూ అడగలేదు. కాబట్టి రూపం లేని లోహం మన మనసును కదిలించదని అనలేం. అబ్‌స్ట్రాక్ట్ మనకు కొత్త కాదు. కొత్తది ఒకటే: పీరు వెనుక నమ్మకం ఉంది, పండుగ ఉంది, ఊరు ఉంది. స్మిత్ శిల్పం వెనుక అవి లేవు. ఆ పని మొత్తం ఇనుమే చెయ్యాలి.

ఇనుము ఆ పని ఎట్లా చేస్తుందంటే, బరువుతో మొదలుపెట్టాలి. పది మిల్లీమీటర్ల మందం, ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ప్లేటు సుమారు 234 కిలోలు. దాన్ని ఎత్తినవాడికి ఆ బరువు కంటితోనే తెలుస్తుంది. అట్లాంటిది ఒక మూల మీద నిలబడితే గుండె కొంచెం ఆగుతుంది. క్యూబి శిల్పాల్లో పెట్టె పడిపోబోతూ ఆగినట్టు ఉంటుంది, ఆ టెన్షనే అక్కడి విషయం. తర్వాత ఖాళీ. కడ్డీల నడుమ కనిపించే ఆకాశం, చెట్టు కూడా శిల్పంలో భాగమే, అందుకే స్మిత్ తన శిల్పాలను కిందికి వంగి, సరస్సునూ కొండలనూ వెనుక పెట్టుకుని తానే ఫొటోలు తీసేవాడు. ఇక అతుకు. ఒక ముక్క ఇంకోదాన్ని అంచున తాకిందా, లోపలికి దూరిందా, మీద కూచుందా అన్నదాన్ని బట్టి వాటి నడుమ సంబంధం మారుతుంది. మనుషులు పక్కన కూచోవడంలో ఉండే తేడాలే ఇవి.

ఇందులో రెండు దారులున్నాయి, వీటిని కలిపేసుకోవడం వల్లే తికమక. ఒక దారిలో నిజంగా చూసిన వస్తువు నుంచి మొదలుపెట్టి ఒలుచుకుంటూ పోతారు, నది శిల్పంలాగా. వెతికితే నది దొరుకుతుంది. రెండో దారిలో మొదలే ఆకారాలతో, క్యూబిలాగా. అక్కడ నది కోసం వెతికితే దొరకదు, వెతకొద్దు కూడా. స్మిత్ ఒక్కడే రెండు దారుల్లోనూ నడిచాడు.

నిలబెట్టడం

మామ షాపులో ఐటీఐ చేసిన పిల్లగాడు ఒకడున్నాడు, ఇరవై ఏండ్లుంటాయి. మేం ఫొటోలు చూస్తుంటే వెనుక నిలబడి చూశాడు. ఆదివారం వచ్చి తానొకటి చేస్తానన్నాడు. పాత నాగలి కర్రు, కేజ్‌వీల్ నుంచి ఊడిన పట్టీలు, మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి మరమ్మతుకొచ్చి వదిలేసిన జల్లెడ రేకు ముక్క తీసుకున్నాడు. స్మిత్ నేల మీద తెల్లరంగు వేసి, దాని మీద ముక్కలు పరిచి, అటూ ఇటూ జరిపి చూసుకుని, కుదిరాక టాక్ కొట్టేవాడని, అంటే ముందు చుక్కలు చుక్కలుగా అతికేవాడని చెప్పాను. మనవాడు సుద్దముక్కతో నేల మీద గీత గీసి అట్లాగే పరిచాడు. రెండు గంటలు జరపడమే. వెల్డింగ్ పది నిమిషాలు కూడా కాలేదు.

లేపి నిలబెడితే పడిపోయింది. బరువు కేంద్రం అడుగు దాటి బయటికి పోయింది. రెండోసారి అడుగు వెడల్పు చేశాడు, నిలిచింది, కానీ ఉండాల్సిన దానికన్నా రెండు వేళ్లు ఎడమకు వాలింది. వాడికి ఇది అంతుపట్టలేదు. మామ చెప్పాడు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, అతికిన చోట కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, తనతో పాటు ముక్కను గుంజుకుంటుంది. ఒక పక్కే గీత పొడుగునా అతికితే ఆ పక్కకే వంగుతుంది. గేటు చేసేటప్పుడు నాలుగు మూలలా ముందు టాక్ కొట్టి, ఎదురెదురుగా మార్చి మార్చి అతికేది ఇందుకే. స్టెయిన్‌లెస్ స్టీలైతే ఇంకా మొండిది. వేడి తొందరగా పాకదు, అతికిన చోటే నిలుస్తుంది, ఎక్కువ సాగుతుంది, ఎక్కువ మెలితిరుగుతుంది. క్యూబి పెట్టెల అంచులు అంత నిక్కచ్చిగా రావడం వెనుక ఎంత చెయ్యి ఉందో అప్పుడు అర్థమైంది నాకు.

మూడోసారి కర్రును తిప్పి మొన కిందికి పెట్టాడు. నిలబడింది. చూసేవాళ్లకు ముందు కంటబడేది ఆ మొనే.

ఇదంతా చదివి ఎవరైనా ఇంట్లో మొదలుపెడితే ఒక్కటి చెప్పాలి. కళ్లకు వెల్డింగ్ అద్దం తప్పనిసరి. జీఐ పైపు, జింక్ పూత రేకు అతికితే వచ్చే తెల్లపొగ పీల్చితే ఆ రాత్రి జ్వరం, వణుకు వస్తాయి. పూత గీకేసి, గాలి ఆడే చోట చెయ్యాలి.

కూడు పెట్టేది ఏది

స్మిత్ బతికున్నన్నాళ్లూ ఎక్కువ కాలం ఆయన శిల్పాలు పెద్దగా అమ్ముడుపోలేదు. 1957లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన పని మొత్తం పెట్టి ప్రదర్శన చేసింది, వెనిస్, సావో పాలో అంతర్జాతీయ ప్రదర్శనలకు ఆయన పని వెళ్లింది. అయినా కాలేజీల్లో పాఠాలు చెప్పి సంసారం గడుపుకున్నాడు. అమ్ముడుపోని శిల్పాలను పొలంలో వరుసగా నిలబెట్టుకున్నాడు, పంట వేసినట్టు. ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునే ఆ పొలం ఫొటోల వెనుక ఉన్నది ఈ సంగతి. ఆయన పోయిన 40 ఏండ్లకు, 2005లో, క్యూబి 28 వేలంలో దాదాపు 2 కోట్ల 38 లక్షల డాలర్లకు పోయింది.

మన దేశంలో ఈ దారి తొక్కినవాళ్లూ ఇట్లాగే బతికారు. ముంబైలో పీలూ పోచ్‌ఖానావాలా పాత ఇనుముతో పెద్ద పెద్ద శిల్పాలు చేసింది. మద్రాసు పక్కన 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ముందుండి పెట్టిన చోళమండలం కళాకారుల ఊరు నాకు అన్నిటికన్నా తెలివైన జవాబు అనిపిస్తుంది. అక్కడివాళ్లు మైనంతో అద్దకం వేసిన బాతిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో మిగతా పొద్దును తమ కళకు కొనుక్కున్నారు. రాగి రేకులు కొట్టి, తీగలు అతికి శిల్పాలు చేసిన పి.వి. జానకిరామ్, లోహశిల్పి ఎస్. నందగోపాల్ ఆ ఊరి మనుషులే.

మన దగ్గర శిల్పానికి గిరాకీ లేదనడం తప్పు. చౌరస్తాకో విగ్రహం ఉంది. ఇప్పుడు పొలాల్లో అమ్మానాన్నల విగ్రహాలూ పెట్టుకుంటున్నారు. కానీ అడిగేది పోలిక. ముఖం కలవాలి, కండువా మడత కలవాలి. పోలిక అడగని శిల్పాన్ని ఎవరు కొంటారు? కొత్త కలెక్టరేట్లు, బస్టాండ్లు, పార్కులు కట్టేటప్పుడు ఎవరో ఒకరు అడగాలి. అడిగినా జనంతో మాట్లాడకుండా పెడితే చెడుతుంది. న్యూయార్క్‌లో రిచర్డ్ సెర్రా 1981లో ఆఫీసుల నడుమ మైదానంలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉక్కు గోడ నిలబెట్టాడు. దారికి అడ్డమని అక్కడ పనిచేసేవాళ్లు గొడవపడ్డారు, 1989లో దాన్ని ముక్కలు చేసి తీసేశారు. సెర్రా కుర్రతనంలో ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాడే, గొప్ప శిల్పి. అయినా రోజూ ఆ దారిన నడిచేవాళ్ల మాట కాదనలేను.

చేతిపనికి మనకు లోటు లేదు. షాద్‌నగర్, కొత్తూరు ఉక్కు ఫ్యాక్టరీల్లో, ట్రాలీ షాపుల్లో, బోరు బండ్ల మీద పనిచేసే పిల్లలకు స్టూడిబేకర్‌లో స్మిత్ నేర్చుకున్నంత వచ్చు. రానిది డ్రాయింగ్. స్మిత్ బొమ్మలు గీసి గీసి ఇనుముకు వచ్చాడు. మన పిల్లలు ఇనుము నుంచి డ్రాయింగ్‌కు వెళ్లాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో, మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో శిల్పకళ చదువుంది. అక్కడికి పోయే దారి ఏమిటో షాపుల్లో ఉన్న పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. నాకు నొప్పి కలిగించేది ఇదే.

రంగు ఎవరిది

స్మిత్ చనిపోయాక జరిగినదాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఆయన చాలా ఉక్కు శిల్పాలకు రంగులు వేసేవాడు, మొదట చిత్రకారుడు కదా. ఒకసారి కొన్నవాళ్లెవరో తన శిల్పం మీది ఎర్రరంగు గీకేశారని తెలిసి, ఇక అది నేను చేసిన శిల్పం కాదని 1960లో బాహాటంగా ఉత్తరం రాశాడు. అంత పట్టుదల. ఆయన పోయాక ఆస్తిని చూసే ముగ్గురిలో ఒకడు పేరున్న విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. ఆయనకు శిల్పం మీద రంగు నచ్చదు. తెల్ల పూత దశలో ఆగిపోయిన కొన్ని శిల్పాల మీద ఆ తెలుపును తీయించాడు, మరికొన్ని ఎండకు వానకు పెచ్చులూడుతుంటే ఊరుకున్నాడు. 1974లో కళా విమర్శకురాలు రోజలిండ్ క్రాస్ ఫొటోలతో సహా ఈ సంగతి పత్రికలో బయటపెట్టింది. పెద్ద గొడవైంది.

శిల్పి పోయాక ఇనుము ఊరికే ఉండదు. ఎండకు సాగుతుంది, అయిదు మీటర్ల కడ్డీ నలభై డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వానకు తుప్పు పడుతుంది. కోర్టెన్ అని ఒక ఉక్కు ఉంది, 1933లో పేటెంట్ అయింది, దాని తుప్పే గట్టి పొరలా మారి లోపలి ఉక్కును కాపాడుతుంది. నీళ్లు నిలిచే సందు ఉంటే అదీ తినేస్తుంది. మామూలు ఇనుముకు ఆ గుణం లేదు. రంగు వేస్తే పనివాడి చెయ్యి కొంత దాగుతుంది, వెయ్యకపోతే కొన్నేండ్లకు పనే ఉండదు.

పిల్లగాడు చేసిన కర్రు శిల్పం షాపు బయట, వేపచెట్టు పక్కన ఉంది. జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు వెళ్లి చూశాను. పాత కర్రు నల్లగా అట్లాగే ఉంది. తుప్పు ముందుగా పట్టింది అతుకు చుట్టూ, గ్రైండర్ తగిలి మెరిసిన చోట, పసుపు కలిసిన ఎరుపు రంగులో. మామ తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్ రంగు డబ్బా, బ్రష్షు తెచ్చి పక్కన పెట్టి, వెయ్యాలా వద్దా అని వాణ్ని అడిగాడు. వాడు అతుకు మీద వేలితో రుద్ది చూసుకున్నాడు. సాయంత్రం దాకా చూసి చెబుతానన్నాడు.